ఒషావాలో తీశాను, ఆక్రా పడింది

దెయ్యాలంటే నాకు నమ్మకం లేదు. చిన్నప్పుడు మా నాయనమ్మ పెరట్లో మునగచెట్టు కింద ఎవరో నిలబడ్డారని వణికిపోతుంటే, టార్చిలైటు పట్టుకుని వెళ్ళి చూసొచ్చి, "ఎవరూ లేరు, తాతయ్య తువ్వాలు ఆరేశాడు" అని చెప్పిన పిల్లని నేను. హాస్టల్లో మూడో అంతస్తు బాత్‌రూం గురించి కథలు అల్లుకుని అందరూ రెండో అంతస్తుకి దిగిపోతే, పైన క్యూ లేదు కదా అని నేను హాయిగా అక్కడే స్నానం చేసేదాన్ని.

ఇదంతా ఎందుకంటే, కింద రాసింది చదివి మీరు "పాపం, పిరికిపిల్ల" అనుకోకూడదు. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. నా పక్కన నిలబడి చూసిన మనిషి ఇంకొకరు కూడా ఉన్నారు.

ముందు మా మావయ్య గురించి చెప్పాలి. పేరు శేషు, అమ్మకి ఆఖరి తమ్ముడు. పశ్చిమ ఆఫ్రికాలో, ఘనా దేశపు రాజధాని ఆక్రాలో, ప్లాస్టిక్ బకెట్లూ కుర్చీలూ తయారుచేసే ఫ్యాక్టరీలో మెషీన్ల మరమ్మతు చూస్తాడు. పెళ్ళి చేసుకోలేదు. మనం పెళ్ళి మాట ఎత్తితే ఆయన పిట్టల మాట ఎత్తుతాడు. "వాడికి ఆ కెమెరాతోనే మూడు ముళ్ళూ పడిపోయాయి" అని అమ్మ విసుక్కుంటుంది.

డిగ్రీ అయ్యాక నేను ఆ ఫ్యాక్టరీ ఆఫీసులోనే ఏడాది పైన పనిచేశాను. ఆదివారం తెల్లారితే చాలు, మావయ్య నన్ను లేపి లగూన్‌కి లాక్కెళ్ళేవాడు. లగూన్ అంటే సముద్రం పక్కన నిలిచిన ఉప్పునీటి మడుగు. మన పులికాట్ లాంటిదే, కాకపోతే ఊళ్ళో ఉంటుంది. ఒకవైపు లారీలు పోయే రోడ్డు, ఒకవైపు అపార్టుమెంట్లు, ఎరుపూ తెలుపూ రంగుల సెల్ టవరు, వీటన్నిటి మధ్యా బురద, మడచెట్లు, లెక్కలేనన్ని పిట్టలు.

పుస్తకంలో పేర్లు మాకు నోరు తిరిగేవి కావు. మా పేర్లు మేమే పెట్టుకున్నాం. అక్కడి కాకికి మెడా రొమ్మూ తెల్లగా ఉంటాయి, కాబట్టి అది బనీను కాకి. ఆవుల వెనక ఏ పనీ లేకుండా తిరిగే తెల్లకొంగ సూపర్‌వైజరు. నలుపూ తెలుపూ కలిసి ఉండే లకుముకి పిట్ట గళ్ళలుంగీ. ఈ గళ్ళలుంగీ నీళ్ళ మీద గాల్లో ఒక్కచోటే రెక్కలు కొట్టుకుంటూ ఆగి, టపీమని కింద పడి, చేపతో లేస్తుంది. అది గాల్లో ఆగిన ఆ కాసేపట్లో, దగ్గరనుంచి, ఒక్క మంచి ఫొటో తీయాలని మావయ్య ఏళ్ళ తరబడి తంటాలు పడుతున్నాడు.

ఆయనకి ఒక నియమం ఉండేది. ఫొటో తీశాక కెమెరా వెనక ఉన్న తెర అక్కడికక్కడ చూడకూడదు. ఇంటికొచ్చి, కాళ్ళు కడుక్కుని, కాఫీ తాగుతూ చూసుకోవాలి. "పెళ్ళిచూపులకెళ్ళి సెల్‌ఫోన్ చూసుకుంటూ కూర్చుంటామా ఏంటే?" అనేవాడు, జన్మలో ఒక్క పెళ్ళిచూపులకైనా వెళ్ళనివాడు. నాకూ అదే అలవాటైపోయింది.

కెనడాలో ఒషావా అనే ఊళ్ళో కాలేజీ సీటొచ్చి, స్టడీ పర్మిట్ వచ్చినప్పుడు మావయ్య తన పాత కెమెరా నాకిచ్చేసి, తను కొత్తది కొనుక్కున్నాడు. అవి మన పిల్లలు విమానాలకి విమానాలు దిగుతున్న రోజులు. కాలేజీ బస్‌స్టాపులో నిలబడితే తెనాలో కరీంనగరో తెలిసేది కాదు. మేము అద్దెకున్న ఇంటి కింది బేస్‌మెంట్‌లో ఐదుగురం, ఒక పొయ్యి. క్లాసులూ షిఫ్టులూ పోగా ఆదివారం పొద్దుటి పూట ఒక్కటే నాది. ఆ పూట బస్సెక్కి సరస్సు ఒడ్డున రెల్లు పెరిగిన చిత్తడి నేల దగ్గరికి వెళ్ళేదాన్ని.

ఇక్కడి పిట్టలకీ పేర్లు పెట్టాను. దారికి అడ్డంగా నిలబడి బుసకొట్టే పెద్ద బాతులు పెళ్ళివారు. ఇక్కడి లకుముకి నీలం బూడిద రంగులో ఉంటుంది, తల మీద ఈకలు ఎప్పుడూ చెదిరిపోయి ఉంటాయి. అది నిద్రలేచిన బావ. మావయ్య అక్కడినుంచి ఒక ఫొటో, నేను ఇక్కడినుంచి ఒక ఫొటో, ఆదివారం ఆదివారం పంపుకునేవాళ్ళం. ఆ ఫొటో రాకపోతే నాకు వారం మొదలైనట్టే ఉండేది కాదు.

ఇప్పుడు టోపీ సంగతి. ఆక్రానుంచి వచ్చి నాతో చదువుతున్న అకోసువా అనే అమ్మాయి ఎండాకాలం సెలవులకి ఇంటికి వెళుతుంటే, మావయ్య కోసం ఒక టోపీ ఇచ్చి పంపాను. మెడ వెనక ఎండ తగలకుండా గుడ్డ వేలాడే టోపీ. ఆవపువ్వు రంగు. షాపులో ఆ రంగు తప్ప ఇంకోటి లేదు. ముట్టిందని మావయ్య ఫోన్ చేసి, "ఇది పెట్టుకుంటే పిట్టలు నన్ను చూసి పొద్దుతిరుగుడు తోట అనుకుంటాయే" అని నవ్వాడు. దాన్ని పెట్టుకుని దిగిన ఫొటో ఏదీ ఆయన పంపలేదు. ఇది గుర్తుపెట్టుకోండి.

టోపీ ముట్టిన ఆ వారంలోనే, ఆదివారం స్వాతి కూడా నాతో వచ్చింది. స్వాతిది కరీంనగర్. మా బేస్‌మెంట్‌లో అందరికంటే చిన్నది. వేర్‌హౌస్‌లో షిఫ్ట్ క్యాన్సిల్ అయిందని, ఇంట్లో కూర్చుంటే పిచ్చెక్కుతుందని, పెరుగన్నం డబ్బా కట్టుకుని బయల్దేరింది. బస్సు దిగి నడుస్తున్నంతసేపూ, "పిట్టలను సూడనీకి గింత దూరమా అక్కా, మనింటి మీద వాలుతలేవా" అని సణుగుతూనే ఉంది.

పొద్దున తొమ్మిది కావస్తోంది. ఎండ బాగా కాస్తోంది. నీళ్ళలో ఒక మోడు మీద నిద్రలేచిన బావ కూర్చుని ఉన్నాడు. నేను మోకాళ్ళ మీద కూర్చుని, గురి చూసి నొక్కాను. అదే క్షణంలో పిట్ట లేచిపోయింది.

"పడ్డదా? ఏదీ, సూపియ్యి," అంది స్వాతి.

ఇక్కడ చూడకూడదు, ఇంటికెళ్ళాకే అన్నాను.

"నేనేమన్న మీ మామయ్య శిష్యురాల్నా? సూపియ్యక్కా!"

నవ్వొచ్చింది. దాని తృప్తి కోసం తెర ఆన్ చేశాను.

తెర మీద ఒషావా లేదు. గోధుమరంగు పల్చటి నీళ్ళు. మధ్యలో, గాల్లో ఆగి, రెక్కలు విప్పుకుని గళ్ళలుంగీ. దాని వెనక సగం మునిగిన నీలం పడవ, ముందుభాగం మీద పెయింటుతో వేసిన పెద్ద కన్ను. దూరంగా ఎరుపూ తెలుపూ సెల్ టవరు. ఇటు దగ్గరగా బురదలో మావయ్య మడత స్టూలు పక్కకి పడిపోయి ఉంది. ఆ స్టూలు పక్కన వెల్లకిలా పడి ఉంది ఆవపువ్వు రంగు టోపీ.

"గిదేందక్కా? గా పడవ ఏడుంది?" అంటూ స్వాతి తలెత్తి సరస్సంతా వెతికింది. నేనూ చూశాను. మోడు ఉంది, రెల్లు ఉంది. పడవ లేదు.

మొదట నాకు భయం వేయలేదు. పాత కెమెరా కదా, మావయ్య ఎప్పుడో తీసిన ఫొటో లోపల ఎక్కడో మిగిలిపోయి ఇప్పుడు బయటపడింది అనుకున్నాను. అలా అనుకుంటూనే టోపీ వైపు మళ్ళీ చూశాను. ఆ టోపీ నేను కొని నెల కాలేదు. ఈ కెమెరా అంతకు చాలా ముందునుంచీ నా దగ్గరే ఉంది.

అప్పుడు వేసింది భయం. మావయ్యకి ఫోన్ చేశాను. పిట్టలు బెదురుతాయని ఆయన లగూన్ దగ్గర ఫోన్ సైలెంట్‌లో పెడతాడు, ఎత్తకపోవడం మామూలే. కానీ ఆ రోజు రింగే కాలేదు. నంబరు అందుబాటులో లేదని మళ్ళీ మళ్ళీ అదే గొంతు.

"అక్కా, గా టోపీ నువ్వు పంపిందేనా?" అంది స్వాతి. నేను తలూపాను. "మరింక సూస్తవేంది? ముందుగాల ఆడ ఎవలికన్న ఫోన్ చెయ్యి."

మావయ్య ఉండే ఫ్లాటు పైన వరప్రసాద్ గారని ఉంటారు. అదే ఫ్యాక్టరీలో స్టోర్స్ మేనేజరు, రాజమండ్రి వైపు మనిషి. అప్పుడక్కడ మధ్యాహ్నం. ఆదివారం కోడికూర తిని పడుకున్న గోదావరి మనిషిని లేపడమంటే మాటలు కాదు. ఎత్తేదాకా చేస్తూనే ఉన్నాను.

"ఏంటమ్మా హైమా? మీ మావయ్య పిట్టల దగ్గరికెళ్ళాడు కదా. ఫోనెత్తడని నీకు తెలీదేంటి?"

"మావయ్య పడిపోయాడు అంకుల్. మీరు వెంటనే వెళ్ళాలి."

"పడిపోయాడా? ఎవరు చెప్పారు నీకు?"

ఒషావాలో ఫొటో తీస్తే అక్కడిది పడిందని చెబితే ఆయన దుప్పటి మళ్ళీ ముసుగేసుకుంటారు. స్వాతి మాత్రం ఆలోచించలేదు. కెమెరాని ఎడమచేత్తో పట్టుకుని, ఆ తెరని తన ఫోన్‌తో ఫొటో తీసి, నా ఫోన్‌లో నంబరు చూసి ఆయనకి పంపేసింది. ఆయన దాన్ని తెరిచి చూశారు.

"ఈ టోపీ పొద్దున్నే పెట్టుకెళ్ళాడమ్మా," అన్నారు వరప్రసాద్ గారు. గొంతులో నిద్ర లేదు. "మెట్ల దగ్గర నేనే ఏడిపించాను. ఈ ఫొటో ఎవరు పంపారు?"

"మీకు దండం పెడతాను అంకుల్, ముందు వెళ్ళండి. తర్వాత అన్నీ చెప్తాను."

"ఉండు, ఉండు. చొక్కా తొడుక్కోనీ."

ఫ్యాక్టరీ డ్రైవర్ క్వామెని తీసుకుని ఆయన వెళ్ళారు. ముందు వంతెన పక్కకి వెళ్ళారు, ఎందుకంటే మేము ఎప్పుడూ కూర్చునేది అక్కడే. అక్కడ మావయ్య లేడు. ఫోన్ చేసి ఆ మాట చెప్పినప్పుడు ఆయన వెనక ఉరుము వినపడింది. పైన ఎక్కడో అప్పటికే వాన పడుతోందట, కాలవల నీళ్ళు లగూన్‌లోకి దిగుతున్నాయట. "ఇంత పెద్ద మడుగులో ఎక్కడని వెతకనమ్మా?" అన్నారు. నాకు ఏడుపొచ్చింది. పడవ, పడవ దగ్గర అని మాత్రం అనగలిగాను. ఆయన ఫొటోని క్వామెకి చూపించారు. కన్నున్న ఆ నీలం పడవని జాలర్లు ఈ మధ్యే తెచ్చి పాత ఉప్పుమళ్ళ అవతల వదిలేశారని అతను చెప్పాడు. నేను ఆక్రాలో ఉన్నన్నాళ్ళూ అక్కడ ఏ పడవా లేదు. మావయ్యా నేనూ ఆ వైపు ఎప్పుడూ వెళ్ళలేదు.

తర్వాత ఫోన్ రాలేదు. మేమిద్దరం ఒడ్డున బెంచీ మీద కూర్చున్నాం. కెమెరా ఆఫ్ చేసి సంచిలో పెట్టేశాను. కుక్కని తిప్పుతున్న ఒక ముసలాయన గుడ్ మార్నింగ్ చెప్పి వెళ్ళాడు. పెళ్ళివారు పిల్లల్ని వెంటేసుకుని మా కాళ్ళ ముందునుంచే నడిచిపోయారు. అమ్మకి చెప్పాలా వద్దా అని ఆలోచించి, చెప్పలేకపోయాను. ఏమని చెప్పాలి? అమ్మ పోరు పడలేకే ఈ మధ్య మావయ్య సంబంధాలు చూడటానికి ఒప్పుకున్నాడు. ఆయన లేకపోతే అనే ఆలోచన వచ్చినప్పుడల్లా ఫోన్ తీసి చూసుకున్నాను. స్వాతి నా చెయ్యి వదల్లేదు. వేములవాడ రాజన్నకి కోడె కడతానని, అంటే గుడి చుట్టూ కోడెదూడని తిప్పి కట్టేస్తానని, అక్కడే, పైకే మొక్కుకుంది. తను ఎన్నడూ చూడని మా మావయ్య కోసం.

చివరికి ఫోన్ మోగింది.

"దొరికాడమ్మా! ఉన్నాడు. బానే ఉన్నాడు. కాలు విరిగింది, నీళ్ళు నడుం దాకా వచ్చేశాయి. క్వామె వీపు మీద మోసుకొస్తున్నాడు. ఇదిగో, మాట్లాడతానంటున్నాడు."

మావయ్య గొంతు. "హైమా, కొత్త కెమెరా నీళ్ళపాలైందే."

మనిషి చావు తప్పి బయటపడి మొదట అన్న మాట అది. నోటికొచ్చినట్టు తిట్టాను. తిడుతూ తిడుతూ వెక్కివెక్కి ఏడ్చాను. స్వాతి నన్ను వాటేసుకుని అదీ ఏడ్చింది. ఫోన్ పెట్టేశాక ఇద్దరికీ ఒక్కసారిగా విపరీతమైన ఆకలి వేసింది. గడ్డిలో కూర్చుని డబ్బా మొత్తం ఖాళీ చేశాం. అంత రుచైన పెరుగన్నం నేను మళ్ళీ తినలేదు.

సాయంత్రం ఇంటికొచ్చి, కార్డు తీసి లాప్‌టాప్‌లో పెట్టాను. ఆ ఫొటో లేదు. అది ఉండాల్సిన చోట మోడు మీదనుంచి లేస్తున్న నిద్రలేచిన బావ ఉన్నాడు, కొంచెం అదిరిపోయి. వెనక రెల్లు, సరస్సు. ఫొటోల నంబర్ల వరసలో ఎక్కడా ఖాళీ లేదు. ఇద్దరం పిచ్చివాళ్ళం అయిపోయామా అనుకునేవాళ్ళమే. కానీ స్వాతి తన ఫోన్‌తో తీసింది అలాగే ఉంది. అందులో నా కెమెరా తెర, తెర మీద గళ్ళలుంగీ, పడవ, స్టూలు, టోపీ. ఒక అంచున స్వాతి బొటనవేలు, సగం రాలిపోయిన వంగపండు రంగు నెయిల్ పాలిష్‌తో. వరప్రసాద్ గారి ఫోన్‌లోనూ అదే ఉంది.

ఇక్కడికి దగ్గర్లోనే ఎటోబికోలో ఉండే మా పెద్దనాన్న గారబ్బాయి సాఫ్ట్‌వేర్‌లో పనిచేస్తాడు. చూసి, పాత ఫొటో తాలూకు ప్రివ్యూ ఏదో మెమరీలో ఉండిపోయి ఉంటుందన్నాడు. మరి టోపీ అని అడిగాను. అలాంటి టోపీ మావయ్యకి పూర్వం ఇంకోటి ఉందేమో అన్నాడు. లేదు. సరే, పడవ అన్నాను. "చెల్లాయ్, మావయ్య బతికాడు కదా, వదిలెయ్" అన్నాడు. ఆ ఒక్కమాటా నాకు నచ్చింది.

కాలికి పిండికట్టుతో మంచం మీద ఉన్న మావయ్యకి వీడియో కాల్‌లో ఆ ఫొటో చూపించాను. ఆయన ఏదో ఒక జోకు వేస్తాడనుకున్నాను. వేయలేదు. ఫోన్ కళ్ళకి దగ్గరగా పెట్టుకుని చూశాడు.

జరిగింది అప్పుడు చెప్పాడు. కొత్త చోటు చూద్దామని పొద్దున్నే ఆ వైపు వెళ్ళాడట. ఎండి గట్టిగా కనిపిస్తున్న ఉప్పు పెచ్చు మీద కాలేస్తే అది విరిగి, కాలు తొడదాకా బురదలో దిగి, మడమ దగ్గర మెలితిరిగి విరిగిందట. కెమెరా, ఫోను రెండూ నీళ్ళలో పడ్డాయి. అరిచి అరిచి గొంతు పోయాక, మోచేతి మీద ఆనుకుని అలా పడుకుని ఉండిపోయాడు. ఎదురుగా స్టూలు, టోపీ, ఆ వెనక పడవ.

"ఇది నేను పడుకున్న చోటినుంచి కనపడ్డదే హైమా," అన్నాడు. "అచ్చంగా ఇంతే. ఎడం పక్క ఆ టవరు ముక్కతో సహా."

అలా పడి ఉండగా గళ్ళలుంగీ వచ్చి, చేతికందేంత దగ్గరలో గాల్లో ఆగిందట. ఇన్నేళ్ళుగా ఎదురుచూసిన ఫొటో. కెమెరా చూస్తే నీళ్ళ అడుగున. ఆ పరిస్థితిలోనూ ఆయనకి నవ్వొచ్చిందట.

"అయ్యో, మా హైమ ఉంటే తీసేది కదా అనుకున్నాను. పైకే అన్నాను."

అది ఏ వేళకి అని నేను అడగలేదు, ఆయన చేతికి గడియారం లేదు. సూర్యుడు నడినెత్తి దాటాడని మాత్రం చెప్పాడు. నేను మోకాళ్ళ మీద కూర్చుని నొక్కినప్పుడు అక్కడ సుమారుగా అదే వేళ.

ఇంతకు మించి నాకు తెలియదు. ఎంత ఆలోచించినా ఇప్పటికీ అంతు చిక్కలేదు. దెయ్యమందామంటే పోయినవాళ్ళెవరూ లేరు. ఉన్న ఒక్కడూ శుభ్రంగా లేచి, కుంటుకుంటూ మళ్ళీ లగూన్‌కి వెళుతున్నాడు, ఈసారి క్వామెని తోడు తీసుకుని. అమ్మ ఆయనకి రెండు సంబంధాలు చూసింది, రెండింటికీ పిట్టల మాట ఎత్తాడు. స్వాతి కోడె మొక్కు ఇంకా బాకీ ఉంది. ఇండియా వెళ్ళినప్పుడు ఆ ఖర్చు తనదేనని మావయ్య మాటిచ్చాడు.

ఆయన నియమాన్ని మాత్రం ఆయనే రద్దు చేశాడు. "అక్కడికక్కడ చూసుకోవే, పర్లేదు" అన్నాడు. ఇప్పుడు ప్రతి ఆదివారం, నొక్కిన ప్రతిసారీ, వెంటనే తెర చూస్తాను. రెల్లు ఉంటుంది, మోడు ఉంటుంది, చెదిరిన తలతో నిద్రలేచిన బావ ఉంటాడు. హమ్మయ్య అనుకుని కెమెరా మళ్ళీ కంటికి ఆనించుకుంటాను.